పోయినావిడ చీర

సినిమావాళ్ళ కబుర్లంటే నేను చెవి కోసుకుంటాను. ఇందులో దాచుకోవడానికేముంది? ఏలూరులో మా బట్టల కొట్టు వెనకగదిలో కూర్చుని చీరలకి ఫాల్స్ కుట్టడం, జాకెట్లు కుట్టడం నా పని. చేతులకి పని ఉంటుంది, చెవులకి ఉండదు. అందుకని ఫోన్‌ని దారాల బుట్టకి ఆనించి పెట్టుకుని, ఏ హీరోయిన్ ఎవరితో కనిపించింది, ఎవరి పెళ్ళి చెడింది, ఎవరు ఎవర్ని చూసి మొహం తిప్పుకున్నారు, అన్నీ వింటూ కుడుతుంటాను. "ఎవరిదే ఆ గోల?" అని మావారు గల్లాపెట్టె దగ్గర్నుంచి కేకేస్తారు. "మీకెందుకండీ, మీరు మీటర్లు కొలుచుకోండి" అంటాను. ఆ హీరోయిన్ల సంగతులు నాకు మా ఆడపడుచు సంగతులకంటే ఎక్కువ తెలుసని ఆయన దెప్పుతారు. నిజమే. మా ఆడపడుచు నాకేమీ చెప్పదు మరి.

ఆ చలికాలం అందరూ ఒకావిడ గురించే చెప్పుకునేవారు. పేరు రాయను. పెద్ద హీరోయిన్, మన తెలుగు పిల్లే. ఎన్నాళ్ళుగానో ఎక్కడా కనపడడం లేదు. ఒప్పుకున్న సినిమా మధ్యలో ఆగిపోయింది. ఫోన్లో ఆవిడ పాత ఫొటో పెట్టి, చుట్టూ ఎర్ర వలయం గీసి, "అసలేం జరిగింది?" అని అడిగేవారు. ఆస్పత్రిలో ఉందని ఒకడు, ఆశ్రమంలో చేరిందని ఒకడు, మందులు పనిచెయ్యడం లేదట అని ఇంకొకడు. ఆవిడ మనుషులు అదేమీ లేదంటే, "చూశారా, దాస్తున్నారు" అనేవారు. ఏమీ అనకపోతే అదీ దాచడమే. నేనూ అదే మాట అని ఫాల్ కుట్టుకునేదాన్ని.

అలాంటి రోజుల్లో విజయవాడ నుంచి ఒక అమ్మాయి మా కొట్టుకొచ్చింది. పొట్టిగా కత్తిరించిన జుట్టు, భుజాన ఏదో కాడలతో అల్లిన సంచీ. పర్యావరణ డిజైన్ చదివిందట. అదేం చదువమ్మా అంటే, చుట్టూ దొరికేదాంతోనే, చుట్టూ ఉన్నదాన్ని పాడుచెయ్యకుండా, మనిషికి కావలసింది తయారుచెయ్యడం ఆంటీ అంది. అయితే మా అమ్మమ్మ కూడా డిజైనరే అన్నాను. నవ్వింది. నవ్వే పిల్లల్ని చూస్తే నేను కాదనలేను.

సంగతేమిటంటే, పెదపాడు దాటి లోపలికెళితే కొల్లేట్లో ఒక లంక ఉంది. నీళ్ళ మధ్య దిబ్బమీద ఉన్న ఊరన్నమాట. చుట్టూ చేపల చెరువులు, ఎటు చూసినా నీళ్ళే, తాగడానికి మాత్రం గుక్కెడు లేవు. కాలవల్నీ సరస్సునీ కమ్మేసే గుర్రపుడెక్క ఉంటుందే, ఊదారంగు పూలు పూసే పాడు మొక్క, దాని కాడలు ఎండబెట్టి అక్కడి ఆడవాళ్ళ చేత చాపలు, సంచులు అల్లిస్తోంది ఈ అమ్మాయి. ఆ చాపలతోనే, వెదుళ్ళు కట్టి, చెరువు గట్టునించి నీళ్ళమీదికి ఒక వేదిక కట్టింది. మేకు లేదు, ప్లాస్టిక్ లేదు, ఫ్లెక్సీ అసలే లేదు. దానిమీద ఫ్యాషన్ షో. నడిచేది లంకలో ఆడవాళ్ళు. కట్టుకునేది ఆ హీరోయిన్ దానంగా ఇస్తున్న సొంత చీరలు. షో అయ్యాక ఆ చీరలు పట్నంవాళ్ళు కొనుక్కుంటారు, దాంతో లంకకి మంచినీళ్ళ ఏర్పాటు చేస్తారు.

"ఆవిడ వస్తారా?" అన్నాను.

"వస్తామన్నారు ఆంటీ."

ఇంక నేను ఆగుతానా? కత్తెర, టేపు, సూదుల డబ్బా సంచీలో వేసుకుని మర్నాడే ఆటో ఎక్కాను.

కొల్లేటి మంచు మీరు చూశారో లేదో. నేను తాడేపల్లిగూడెంలో పుట్టి ఏలూరులో కాపురం చేస్తున్నదాన్ని, అంత మంచు నేనెప్పుడూ ఎరగను. గట్టుమీద ఆటో దిగేసరికి నా చెప్పులే నాకు కనపడలేదు. చెరువుల్లో గాలి కోసం నీళ్ళు చిలికే యంత్రాల చప్పుడు వినపడుతోంది గానీ యంత్రాలు లేవు. గూడబాతుల రెక్కల చప్పుడు నెత్తిమీంచి పోతోంది గానీ పిట్టలు లేవు. "ఏవండీ, ఇటండీ" అని ఒక గొంతు పిలిచింది. గొంతు ఎటుందో అటు నడిచాను.

పిలిచింది పద్దెనిమిదో పంతొమ్మిదో ఏళ్ళ పిల్ల. సన్నగా, పొడుగ్గా ఉంది. అల్లిక షెడ్డుకి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. షెడ్డులో పదిమంది దాకా ఆడవాళ్ళు, వాళ్ళందరికీ పెద్దదిక్కులా ఒక ముసలావిడ. ఆ ముసలావిడ ఈ పిల్లకి అమ్మమ్మ. పిల్లకి ఇంకెవరూ లేరు. పిల్ల పుట్టకముందే తండ్రి పడవ తిరగబడి పోయాడట. నేను కొలతలు తీస్తుంటే టేపు రెండో కొస పట్టుకుని నాతోపాటు తిరుగుతూ, అడగకుండానే అంతా చెప్పేసింది.

"మా అమ్మ కూడా పోయిందండి. నాకు మొదటి పాలపన్ను ఊడినప్పుడంట. అప్పుడు ముదినేపల్లి దగ్గర ఉండేవాళ్ళం. తర్వాత అమ్మమ్మ నన్నిక్కడికి తీసుకొచ్చేసింది."

"ఎలా పోయిందే పాపం?"

"అదే తెలవదండి. ఎలా పోయిందే అమ్మమ్మా అనడుగుతానండి. పోయిందే, ఎన్నిసార్లడుగుతావని కసురుద్ది. ఫొటో ఒక్కటీ లేదండి. మొహం గుర్తులేదు సరే, గొంతన్నా గుర్తులేదండి. ఒక్కసారి వింటే చాలండి ఆంటీగారూ. ఒక్క మాట."

చెయ్యెత్తవే చంక కొలత తియ్యాలి అన్నాను. అలాంటప్పుడు నాకు నోరు రాదు. మామూలప్పుడు ఆగదు.

ఆ మధ్యాహ్నమే చీరలొచ్చాయి. మంచు విడింది గానీ ఎండ రాలేదు. గట్టుమీద తెల్లకారు ఆగింది, హైదరాబాదు కారు. డిజైన్ అమ్మాయి వెదుళ్ళ కోసం బయటికెళ్ళింది, అందుకని నేనే ఎదురెళ్ళాను. డ్రైవరు దిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం పీక్కుపోయి ఉంది. డిక్కీలోంచి పెద్ద మూట తీసి నా చేతిలో పెట్టాడు.

"మేడంగారు ఎప్పుడొస్తారు బాబూ?" అన్నాను.

"మేడం పోయిందమ్మా."

నా చెవులు నేను నమ్మలేదు. "ఏంటీ?"

"పోయింది. నిన్న పొద్దుగాల్నే పోయింది. ఇగ రాదు. గీ చీరలు గీడ ఇచ్చి రమ్మన్నరు."

మూట నా చేతుల్లో బరువెక్కిపోయింది. వెనక ఆడవాళ్ళు చేరారు. "అయ్యయ్యో, ఎవరన్నా దగ్గరున్నారా బాబూ?" అని అడిగాను.

"ఎవ్వల్లేరు. ఒక్కతే పోయింది."

"చివర్లో బాధపడ్డారా?"

అతను నన్నొకసారి వింతగా చూశాడు. "బాధేందమ్మా? శాన దినాల సంది అనుకుంటున్నదే. ఇగ తిప్పలు తప్పినయ్ అన్నది. నవ్వుకుంటనే పోయింది."

మంచినీళ్ళన్నా తాగి వెళ్ళమంటే, తొవ్వ దూరమున్నది అని కారెక్కి వెళ్ళిపోయాడు. షెడ్డులో ఒకావిడ ఏడుపు మొదలుపెట్టింది. ఇంకొకావిడ అందుకుంది. నేనూ ఏడ్చాను. ఎందుకేడ్చానని అడక్కండి, ఆవిడ మొహం నేను నా అద్దంలో మొహంకంటే ఎక్కువసార్లు చూసి ఉంటాను. తర్వాత ఒకావిడ కళ్ళు తుడుచుకుని, "మనం తలకి పోసుకోవాలాండి?" అని అడిగింది. హీరోయిన్ పోతే మైల పడుతుందో పడదో నాకూ తెలియలేదు.

సాయంత్రానికి డిజైన్ అమ్మాయి వచ్చింది. విని వెంటనే ఫోనందుకుంది. హీరోయిన్ మేనేజరుకి ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. మళ్ళీ చేస్తే మళ్ళీ స్విచ్చాఫ్. "కానీ వార్తల్లో ఎక్కడా లేదు ఆంటీ" అంది. "ఎలా ఉంటుందమ్మా? సినిమా విడుదలయ్యేదాకా దాస్తారు" అన్నాను. ఇలాంటి విషయాల్లో షెడ్డు మొత్తానికి నేనే పెద్ద. ఎవరూ కాదనలేదు.

మర్నాడు పొద్దున్నే మూట విప్పాం. చీరలన్నీ డ్రైక్లీనింగ్ కవర్లలో మడతలు పెట్టి ఉన్నాయి, ఒక్కటి తప్ప. అది బూడిదరంగు పట్టుచీర, అంచుకి సన్నటి వెండి జరీ. కవరు లేదు, మడత సరిగ్గా లేదు. కట్టి విప్పినట్టే ఉంది. దులిపితే పైట దగ్గర పిన్నీసు అలాగే ఉంది. పిన్నీసుకి పొడుగాటి తలవెంట్రుక ఒకటి చుట్టుకుని ఉంది. షెడ్డు నిండా అత్తరు వాసన, ఎవరో ఇప్పుడే గుమ్మం దాటి లోపలికొచ్చినట్టు. అందరూ ఒక్కసారి వెనక్కి జరిగారు. నేను కూడా.

"పోయినావిడ చీరలు మాకొద్దండి" అని ఒకావిడ అనేసింది. ఇంట్లో మనిషి పోతేనే బట్టలు ఇంట్లో ఉంచం, చాకలికిచ్చేస్తాం, అలాంటిది ఊరూ పేరూ ఎరగనావిడ పోతే ఆవిడ విడిచిన బట్ట ఒంటికి చుట్టుకుంటామా అన్నారు. న్యాయమే కదా. డిజైన్ అమ్మాయి బతిమాలింది. మంచినీళ్ళ మాట ఎత్తింది. ఎవరూ కదల్లేదు. ఎల్లుండి షో.

అప్పుడా పిల్ల ముందుకొచ్చింది. "నేను కట్టుకుంటానండి. ఆ బూడిదరంగుది."

"వద్దే" అని అమ్మమ్మ అరిచింది.

"నీకేమన్నా పిచ్చా?" అని నేను కూడా కసిరాను. పక్కకి లాగి, ఎందుకే నీకీ తెగులు అని అడిగాను. ఆ పిల్ల నా చెవిలో చెప్పింది.

"పోయినవాళ్ళందరూ ఒకచోటే ఉంటారు కదండి. ఈవిడ మొన్ననే వెళ్ళింది. ఇంకా దారి మర్చిపోయుండదు. ఈవిడ చీర కట్టుకుంటే ఈవిడకి నా మాట వినపడుద్ది. మా అమ్మనొకసారి పిలవమని అడుగుతానండి."

కాదని ఏ మొహంతో చెప్పను? నేనే కట్టాను. పట్టు చల్లగా ఉంది, ఆ చలి వేరు. పిన్నీసు మార్చబోతే, ఉండనివ్వండి అదే అంది. వెంట్రుక కూడా తియ్యనివ్వలేదు. కట్టడం అయ్యాక వేదికమీదికి ఒక్కతే నడిచి, నీళ్ళమీదికి పొడుచుకొచ్చిన చివర్న మా వైపు వీపు పెట్టి కూర్చుంది. పొద్దున్నే కాబట్టి ఇంకా మంచుంది. చీరరంగు, మంచురంగు ఒకటే. చీర మంచులో కలిసిపోయింది. నల్లటి జడ, రెండు చేతులు మాత్రం నీళ్ళమీద కనిపిస్తున్నాయి.

ఎంతసేపు కూర్చుందో. వచ్చాక ఏమీ మాట్లాడలేదు. కానీ ఊరుకునేవాళ్ళు ఎవరు? ఇందాక చీరని చూసి వెనక్కి జరిగినవాళ్ళే ఇప్పుడు పిల్ల చుట్టూ చేరారు. పోయినావిడతో మాట్లాడిందట అని గట్టు పొడుగునా పాకింది. పక్క లంక నుంచి కూడా పడవలో వచ్చారు. ఏం అడుగుతారనుకున్నారు? ఆ హీరోతో నిజంగా పెళ్ళయిందా అని ఒకావిడ. ఆ దర్శకుడు మోసం చేశాడంట నిజమేనా అని ఇంకొకావిడ. మనం పోయాక మనల్ని కూడా ఇవే అడుగుతారేమో. నవ్వు రావలసిన మాటే, ఆ షెడ్డులో ఎవరికీ రాలేదు.

పిల్ల కళ్ళు మూసుకుంది. చాలాసేపటికి, "అవేవీ ఆవిడకి గుర్తులేవంటండి" అంది.

"హీరో కూడా?"

"ఆ పేరెవరిదని అడుగుతుందండి."

అందరి మొహాలూ పాలిపోయాయి. దెబ్బలాటలు, విడాకులు, ఏడుపులు ఏవి చెప్పినా సంతోషంగా వినేవాళ్ళం. గుర్తులేదన్న మాట ఎవరూ భరించలేకపోయారు. కాసేపాగి పిల్ల, "దాహంగా ఉందంట" అంది. ఒకావిడ గబగబా వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు వేదిక చివర పెట్టి వచ్చింది. డబ్బాల్లో కొనుక్కొచ్చుకునే నీళ్ళు, ఇంట్లో పిల్లలకే కొలిచి పోస్తారు. మర్నాడు పొద్దున చూస్తే గ్లాసు ఖాళీ. కాకి తాగుంటుందని అందరం అన్నాం. గ్లాసు మాత్రం ఎవరూ తియ్యలేదు.

ఆ ఖాళీ గ్లాసు చూసిన పొద్దునే పిల్ల మళ్ళీ చీర కట్టించుకుని వెళ్ళి కూర్చుంది. ఈసారి తొందరగానే లేచి వచ్చింది. అమ్మమ్మ షెడ్డులో చాప అల్లుతోంది. నేను పక్కనే జాకెట్లకి హుక్కులు కుడుతున్నాను. పిల్ల మా ఇద్దరి మధ్య నిలబడింది.

"అడిగానండి" అంది నాతో. "మా అమ్మ అక్కడ లేదంట."

"లేకపోవడమేంటే?"

"చాలాసేపు వెతికిందంట. పేరు పెట్టి పిలిచిందంట. ఆ పేరుగలావిడ ఎవరూ అక్కడికి రాలేదంట."

అమ్మమ్మ చేతిలో కాడ పుటుక్కున విరిగింది. తలెత్తి పిల్లని చూసింది. ఆ చూపు భయం అనుకున్నాను అప్పుడు. "ఆ చీర విప్పెయ్యవే" అంది. గొంతు మనిషి గొంతులా లేదు. "ఇప్పుడే విప్పెయ్. ఆ దయ్యంముండతో నీకు మాటలేంటి?" పిల్ల విప్పలేదు. "మా అమ్మ ఇంకా దారిలోనే తిరుగుతుందేమోనండి" అని నావైపు చూసి ఏడ్చింది. దిక్కులేని చావు చచ్చినవాళ్ళు అలా తిరుగుతారని మాకందరికీ తెలుసు కదా. నేను ఆ పిల్ల తల నిమిరాను.

ఆ రోజు ఇంటికొచ్చాక ఫాల్స్ కుడుతూ ఫోన్ పెట్టుకోలేదు. "ఏమైందే, నెట్ అయిపోయిందా?" అని మావారు వేళాకోళం చేశారు. పైకి అనలేదు గానీ నాకు ఒకటే గుబులు. పోయినావిడ అబద్ధమెందుకు చెబుతుంది? ఆవిడకి ఇప్పుడు దాచుకునే పనేముంది?

షో రోజు వచ్చింది. పిల్లని చూసి మిగతావాళ్ళూ ధైర్యం చేశారు, చీరలు కట్టుకున్నారు. ఊరి పెద్దలు తమ ఫొటోలతో ఫ్లెక్సీ కడతామని ఒకటే పోరు. డిజైన్ అమ్మాయి వాళ్ళతో గట్టుమీద యుద్ధం చేస్తోంది. పట్నంవాళ్ళు ఇంకా రాలేదు. మధ్యాహ్నమైనా మంచు పూర్తిగా విడలేదు, సూర్యుడు తెల్లటి పళ్ళెంలా వేలాడుతున్నాడు. ఆడవాళ్ళందరం వేదికమీద నడక సరిచూసుకుంటున్నాం. పిల్ల అందరికంటే ముందు, బూడిదరంగు చీరలో. అమ్మమ్మ చాప చివర్న మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. రెండురోజులుగా ఆవిడ అన్నం ముట్టలేదు.

అప్పుడు డిజైన్ అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఊపిరాడడం లేదు, మొహం తెల్లగా ఉంది. ఫోన్ మావైపు చాచి, "మేడమ్... మేడమ్ వీడియో కాల్లో ఉన్నారు" అంది.

ఫోన్లో ఆవిడ మొహం. వెనకంతా తెల్లగా, మంచు. బొట్టు లేదు, రంగు లేదు, పెదవులు పాలిపోయి ఉన్నాయి. ఒకావిడ కెవ్వున అరిచింది. నా చెయ్యి తగిలిందో ఎవరిది తగిలిందో, ఫోన్ చాపమీద బోర్లా పడింది. ఎవరూ తియ్యలేదు. బోర్లాపడ్డ ఫోన్లోంచి గొంతు వస్తోంది.

"హలో? ఎవరన్న ఉన్నరా? ఏం కనిపిస్తలేదు. అంత చీకటే ఉంది. హలో?"

ఆ గొంతు మాకు తెలియదు. సినిమాల్లో ఆవిడకి గొంతు ఇంకొకరిది, మాటలు చెప్పేవాళ్ళు వేరు. ఇంటర్వ్యూల్లో అంతా ఇంగ్లీషే. ఆవిడ సొంత గొంతు, మన తెలుగులో, మేమెవరం ఎన్నడూ వినలేదు.

పిల్ల వంగి ఫోన్ తీసింది. మొహానికెదురుగా పట్టుకుంది.

"అరే, ఆ చీర! ఎంత మంచిగుందమ్మా నీకు" అంది ఫోన్లో ఆవిడ.

"మీరు పోలేదాండి?" అంది పిల్ల.

"పోయిన కదమ్మా! వచ్చి మూడు దినాలైంది. ఈడ మస్తు సల్లగున్నది. అంత మంచే. ఎవ్వరు లేరు. పానం నిమ్మళంగ ఉన్నది."

ఇద్దరు ముగ్గురు దండం పెట్టేశారు. అంతలో డిజైన్ అమ్మాయి పగలబడి నవ్వింది. ముందు నవ్వు, తర్వాత ఏడుపు, రెండూ కలిసిపోయి, ఫోన్ లాక్కుని ఆవిడతో ఏదేదో మాట్లాడి పెట్టేసి, మావైపు తిరిగింది. "బతికే ఉన్నారు! విశ్రాంతి కోసం హిమాలయాలకి వెళ్ళారట. పోయింది అంటే వెళ్ళింది అని. వాళ్ళ వైపు అలాగే అంటారు. ఆ డ్రైవరు చెప్పింది అది!"

అయ్యో నా బుద్ధీ! ఆ యాస మేము విననిదా? సినిమాల్లో రోజూ వింటాం, టీవీలో వింటాం, విని నవ్వుతాం. కానీ ఆ మనిషి మా గట్టుమీద నిలబడి ఆ మాటంటే మా చెవులతోనే విన్నాం. మనవైపు మనుషులు వెళ్తారు. పోయేది ఒక్కసారే. ఆవిడ ఎప్పుడు పోతుందా అని ఎదురుచూసినవాళ్ళం, డ్రైవరు ఆ మాట అందివ్వగానే పట్టుకున్నాం. ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కొట్టుకుంటూ నవ్వారు. నేనైతే పొట్ట పట్టుకున్నాను. "మరి నీతో మాట్లాడిందెవరే? మంచినీళ్ళు అడిగిందెవరే?" అని ఒకావిడ పిల్లని గిల్లింది. అన్నాక ఆవిడ నవ్వే ఆగిపోయింది.

పిల్ల నవ్వడం లేదు. నావైపు చూసింది. "పోయిందంటే వెళ్ళిందని కూడానాండి?"

"కూడానే" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. "అసలు అర్థం అదే కదే. చచ్చిపోయారు అనడానికి నోరు రాక మనం పోయారంటాం."

పిల్ల నెమ్మదిగా వెనక్కి తిరిగింది. చాప చివర్న అమ్మమ్మ అలాగే కూర్చుని ఉంది. ఆవిడా నవ్వలేదు. అప్పుడు చూశాను ఆవిడ మొహం. నిన్న నేను భయమనుకున్నది భయం కాదు.

"అమ్మమ్మా" అంది పిల్ల. "అమ్మ పోయిందన్నావు కదా."

ముసలావిడ తలెత్తలేదు.

"నిన్నే, అమ్మమ్మా. అమ్మ చచ్చిపోయిందా?"

ముసలావిడ చాప అంచు గోళ్ళతో గీకుతోంది.

"పోయిందనే చెప్పానే. చచ్చిపోయిందని నేనెప్పుడన్నాను?"

ఆవిడ ఎవరితోనో పోట్లాడుతున్నట్టు గొంతు పెంచింది. "చచ్చినదాని పిల్లని ఇంటింటికీ పిలిచి అన్నం పెట్టారే నీకు. తలంటి పోశారే. ఈ వేదికమీద నిలబెట్టారే. లేచిపోయినదాని పిల్లంటే ఎవరు గడప ఎక్కనిస్తారే? లేచి అన్న ముక్క నేను మింగేశాను. మిగతాది చెప్పాను. నేను చేసింది అంతేనే తల్లీ."

ఆ ముసలావిడమీద కోపం రావాలి కదా, రాలేదు. భయమేసింది నాకు. బతికున్నావిడ చీర కట్టుకుని, లేని దయ్యాన్ని అడిగితే, నిజం చెప్పిందెవరు? ఇవాళ్టికీ నాకు తెలియదు.

పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని అమ్మమ్మ ముందు గొంతుక్కూర్చుంది, ఆవిడ గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. ఊహ తెలిసినప్పట్నించీ అమ్మ ఎలా పోయిందని అడిగిన పిల్ల, ఆ రోజు మొదటిసారి ఇంకో మాట అడిగింది.

"ఎటు పోయింది?"